పెళ్ళి ఫోటో - వస్తువూ, శిల్పమూ

ఫోటోను విమర్శకు తగిన వస్తువుగా మనలో చాలామంది ఒప్పుకోరు. పెళ్ళి ఫోటో అంటే మరీ నవ్వుతారు. "డబ్బు పుచ్చుకొని తీసే పని గదా, అది కళ ఎట్లా అవుతుంది?" అంటారు. డబ్బు పుచ్చుకొని చేసినంతమాత్రాన పని కళ కాకుండా పోయేటట్లయితే మన ప్రబంధాల్లో చాలాభాగం కొట్టివేయవలసి వస్తుంది. ఆ సంగతి అలా ఉంచుదాం. కృష్ణా డెల్టా అడుగుభాగంలో, బందరు నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమలో అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరు దాకా ఏ ఊరికైనా పోయి చూడండి. పుస్తకమన్నది లేని ఇళ్ళు కొల్లలు. పెళ్ళి ఫోటో లేని ఇల్లు అరుదు. దూలానికి వేలాడే చట్రంలోనో, బీరువాలో చీరెల కింద ఆల్బంలోనో, ఈ కాలంలో సెల్‌ఫోనులోనో అది ఉంటుంది. ఒక కుటుంబం తన్ను గురించి తాను దాచుకున్న చరిత్ర చాలాచోట్ల అదొక్కటే. దాన్ని కన్నెత్తి చూడకుండా ప్రజల అభిరుచిని గురించి వ్యాసాలు రాయడం మనకే చెల్లింది.

బలమైన పెళ్ళి ఫోటో అంటే ఏది? ఇందుకు రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. ఫోటోగ్రాఫర్లు చెప్పేది ఒకటి: మొహాలమీద వెలుతురు సమంగా పడాలి, కళ్ళు మూతపడగూడదు, నగలు మెరవాలి, వెనక అనవసరమైన మనుషులు ఉండగూడదు. మన మిత్రులు కొందరు చెప్పేది రెండోది: పెళ్ళితంతే భూస్వామ్యపు అవశేషం గనుక దాని ఫోటోకు బలమేమిటి, బలహీనత ఏమిటి? మొదటివారికి శిల్పం తప్ప వస్తువు లేదు. రెండోవారికి వస్తువు నచ్చకపోతే శిల్పం వంక చూడనక్కరలేదు. సాహిత్యంలో ఈ రెండు వాదాలతోనూ చాలినంత కాలం పోట్లాడాం గనుక ఇక్కడ వాటిని మొదటినుంచి ఖండించబోను.

నేననేది ఇది. పెళ్ళి నలుగురి ఎదుట జరిగే ఒక కార్యం. ఆ కార్యం జరుగుతున్నదనీ, జరిపేవాళ్ళు వీళ్ళనీ, చూస్తున్నవాళ్ళు వీళ్ళనీ తెలియజెప్పేది మంచి ఫోటో. రేపు ఎవరైనా లేచి "ఈ పెళ్ళి జరగనే లేదు" అంటే అది ఎదురు నిలవాలి. సాక్ష్యంగా నిలిచే గుణాలేవో, బొమ్మకు బలమిచ్చే గుణాలు కూడా అవే. ఈ మాట కొంచెం మొరటుగా కనిపించవచ్చు. ఉదాహరణలతో చూద్దాం.

బందరు ఇళ్ళలో కనిపించే మరీ పాత ఫోటోలకు ఈ పరీక్ష పెట్టనక్కరలేదు. అవి పెళ్ళిలో తీసినవి కావు. పెళ్ళి అయిన నాలుగు రోజులకో, నెలకో దంపతులు స్టూడియోకు వచ్చి తీయించుకున్నవి. వెనక రంగులేసిన తెర, పక్కన పూలకుండీ బల్ల, కుర్చీలో భర్త, కుర్చీ చేతిమీద చెయ్యి ఆన్చి భార్య. గాజుపలకమీద తీసే కాలంలో కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలి. ఆ బిగువును చూసి పూర్వపు ఆడవాళ్ళు నవ్వే ఎరగరని తేల్చేవాళ్ళున్నారు. ఆ బిగువులో కొంత సంసారానిదైతే కొంత పలకది. ఏమైనా అవి దంపతుల ఫోటోలేగాని పెళ్ళి ఫోటోలు కావు.

కెమేరా పందిట్లోకి వచ్చాకనే అసలు కథ మొదలయింది. ఆ రోజుల్లో ఒక రోలుకు పన్నెండు బొమ్మలు. రాత్రి ముహూర్తమైతే ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క ఫ్లాష్ బల్బు. ఒకసారి వెలిగిన బల్బు మళ్ళీ పనికిరాదు. మధ్యతరగతి పెళ్ళికి ఒక రోలు, ఉన్నవాళ్ళయితే రెండు. కాబట్టి ఏది తీయాలి, ఏది వదలాలి అన్న ప్రశ్న తప్పదు. ఎంపిక చేయవలసి వచ్చినవాడు తన దృక్పథాన్ని దాచుకోలేడు. కవికి ఎట్లాగో అతనికీ అట్లాగే.

ఫ్రెంచి ఫోటోగ్రాఫరు కార్తియే-బ్రెసాఁ 1952లో వేసిన పుస్తకం ఇంగ్లీషు అనువాదానికి "నిర్ణాయక క్షణం" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వీధిలో తిరిగే ఫోటోగ్రాఫరుకు ఆ క్షణం ఎప్పుడు వస్తుందో తెలియదు. మన పెళ్ళిలో దాన్ని పురోహితుడు ముందే గడియలూ విఘడియలతో సహా నిర్ణయించి శుభలేఖమీద అచ్చువేయిస్తాడు. ఫోటోగ్రాఫరు చేయవలసిందల్లా ఆ సమయానికి తగినచోట ఉండడం. అంత సుళువైన పనిలో మనవాళ్ళు ఎందుకు తప్పిపోతున్నారు?

ఆ క్షణం ఏదన్న దానిలోనే గందరగోళం ఉన్నది. తెలుగువారి ఆచారం ప్రకారం సుముహూర్తమంటే జీలకర్ర బెల్లం. అడ్డుతెర తొలగుతుంది. తమలపాకులో ఉంచిన ముద్దను ఆమె అతని తలమీదా, అతను ఆమె తలమీదా ఒకేసారి పెడతారు. ఆ నిమిషం దాకా ఒకరి మొహం ఒకరు చూడగూడదు. అప్పుడు చూస్తారు. గట్టిమేళం మోగుతుంది, అక్షతలు పడతాయి. ఇది ఆచారం చెప్పే క్షణం. సినిమా చెప్పేది వేరు. తాళి మహాత్మ్యం మీద మన సినిమావాళ్ళు దశాబ్దాలుగా పాడిన పాటల వల్ల పెళ్ళంటే మూడుముళ్ళే అయి కూర్చున్నది. మూడోది చట్టం. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను ప్రకారం సప్తపది ఉన్న ఆచారంలో ఏడో అడుగు పడినప్పుడు పెళ్ళి పూర్తవుతుంది. ఆ ఏడు అడుగులు పడేవేళకు బంధువులు విస్తళ్ళ దగ్గర ఉంటారు, ఫోటోగ్రాఫరు రోలు అయిపోయి ఉంటుంది. పాత ఆల్బములు తిరగవేయండి. తాళి కట్టే ఫోటో లేని ఆల్బం దొరకదు. సప్తపది ఫోటో ఉన్న ఆల్బం వెతికి పట్టుకోవాలి.

తాళి ఫోటో ఎట్లా ఉంటుందో అందరం ఎరుగుదుం. ఆమె తల వంచి ఉంటుంది. అతని చేతులు ఆమె మెడ వెనక ఉంటాయి, మొహం మాత్రం కెమేరా వైపు! ముడివేసేవాడు ముడివైపు చూడాలి గదా. కాని ఫోటోగ్రాఫరు "ఒక్క నిమిషం ఆపండి, ఇటు చూడండి" అన్నాడు. మంత్రం ఆగింది, మేళం ఆగలేదు. అతను చేసే పని ఒకటి, చూసే చూపు ఒకటి. ఆ ఫోటో అతను తాళి కట్టినట్టు చెప్పదు, కట్టినట్టు నటించాడని చెపుతుంది. వందల ఇళ్ళలో వందల మంది ఒకే నటన నటించడం వల్ల అవన్నీ ఒకే ఫోటోలా ఉంటాయి. అదే ఘట్టాన్ని ఆపకుండా తీస్తే? మొదటి ముడి పడక వేళ్ళు తడబడుతుంటాయి, వెనకనుంచి ఆడపడుచు చెయ్యి సాయానికి వస్తుంది, పూలజడ అడ్డుపడుతుంది, తల్లి జడ పైకెత్తి పట్టుకుంటుంది. మూడు జతల చేతులు ఒకే పనిమీద ఉంటాయి. మొహాలు సగమే కనిపించినా పెళ్ళి పూర్తిగా కనిపిస్తుంది.

జీలకర్ర బెల్లం దీనికన్నా గొప్ప వస్తువని నా అభిప్రాయం. తాళి కట్టడంలో ఒకరు చేసేవారు, ఒకరు చేయించుకునేవారు. కాళ్ళు కడగడంలో ఒకరు పైన, ఒకరు కింద. తంతు మొత్తంలో ఇద్దరూ సమానంగా ఒకే పని చేసే ఘట్టాలు జీలకర్ర బెల్లం, తలంబ్రాలు - ఈ రెండే చెప్పుకోదగ్గవి. కాని ఫోటోగ్రాఫర్లకు జీలకర్ర బెల్లం అంటే గిట్టదు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళ పక్కమొహాలే కనిపిస్తాయి, చేతులు అడ్డం వస్తాయి, తెర అడ్డం వస్తుంది. వాళ్ళను ఇటు తిప్పితే చూపు చెడిపోతుంది. అక్కడ చేయవలసిందొక్కటే: తాను కిందికి దిగడం. పీటలమీద కూర్చున్నవాళ్ళను నిలబడి తీస్తే బాసికాలు కనిపిస్తాయిగాని కళ్ళు కనిపించవు. తెర అంచున, చాపమీద, వాళ్ళ కంటి ఎత్తున కూర్చొని తీసినవాడికి ఆ ఇద్దరి చూపూ, పైన ఆ రెండు చేతులూ, గాలిలో ఉన్న అక్షతలూ దక్కుతాయి. ఆ చూపులో భయం ఉండవచ్చు, ఆశ ఉండవచ్చు, ముందే ఎరిగినవాళ్ళయితే చిన్న నవ్వు ఉండవచ్చు. ఏది ఉంటే అది వస్తుంది.

తలంబ్రాల సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. అక్కడ ఎవరికీ కెమేరా జ్ఞాపకం ఉండదు. చేతులు చెదిరినా, మొహం కొంచెం మసకబారినా ఫోటోకు నష్టం లేదు. ఈ మధ్య బియ్యానికి తోడు రంగురంగుల తెర్మోకోలు పూసలు పోసి, పైనుంచి కెమేరాకోసం మూడుసార్లు పోయించి, ఆ ఒక్క ఆటవిడుపును కూడా రిహార్సలు చేశారు.

ఇక కాళ్ళు కడిగే ఘట్టం. గుడివాడ ప్రాంతపు పల్లెలో ఒక ఇంట దీని ఫోటో చూశాను. పళ్ళెంలో పెళ్ళికొడుకు పాదాలు. చెంబుతో నీళ్ళు పోస్తున్న తల్లి. పాదాలమీద వంగిన తండ్రి. మొహం కనిపించదు, చొక్కా లేని వీపూ, వెన్నెముకా, నెరిసిన జుట్టూ కనిపిస్తాయి. పైన ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు ఎటు చూడాలో తెలియక పక్కకు చూస్తున్నాడు. తీసినవాడు సంస్కర్త అని నేననుకోను. అతను ఏమీ చేర్చలేదు, ఏమీ తీసివేయలేదు. అయినా కన్యాదానమంటే ఏమిటో, వరకట్నమంటే ఏమిటో ఆ వీపు చెప్పినంత బాగా మన కథల్లో చాలావాటిలో రాలేదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఈ డెల్టాలో ఎకరాల లెక్కన కట్నాలు ఆ తరువాత కూడా నడిచాయి. తంతు ఎంత పాతదైనా దాన్ని ఉన్నదున్నట్టు చూపిన ఫోటో పాతబడదు. తంతును తిట్టి ఫోటోను పారవేయమనే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి.

ఇప్పుడు "అనవసరమైన మనుషుల" మాటకు వద్దాం. పెళ్ళి జరిపేది పురోహితుడూ తల్లిదండ్రులూ మాత్రమేనా? సన్నాయీ డోలూ వాయించే నాయీబ్రాహ్మణులు, అరివేణి కుండలు తెచ్చే కుమ్మరి, చలవబట్టలు పరిచే రజకుడు, పందిరి గుంజలు పాతిన పాలేరు, గాడిపొయ్యి దగ్గర పొగలో నిలబడ్డ వంటవాళ్ళు - వీళ్ళు లేకుండా ఏ పెళ్ళీ జరగలేదు. ఫోటోలో వీళ్ళెక్కడ? ఊరేగింపు ఫోటో చూడండి. పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకొని నడిచే కూలీ ఉంటాడు, చాలాసార్లు కూలీ మనిషి ఆడదే. వెలుతురు పైనా పక్కలా పోతుంది, లైటు అడుగున ఉన్న మొహంమీద నీడ పడుతుంది. అందులో ఫోటోగ్రాఫరు తప్పు లేదు. కాని ఆల్బంలో అంటించేటప్పుడు కత్తెరతో అంచు కోసి ఆ మనిషిని పూర్తిగా తీసివేసినవాడికి ఆ మినహాయింపు లేదు. 1943 బెంగాలు కరువును తీసిన సునీల్ జానా పేరు మన సభల్లో గౌరవంగా తలుస్తాం. చట్రంలోకి ఎవరు రావాలో తేల్చుకోవడమే రాజకీయమని ఆయన పని చూస్తే తెలుస్తుంది. ఆ పాఠం మన అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళ దాకా రాలేదు.

కత్తెర చేసిన పని ఇప్పుడు కంప్యూటరు చేస్తున్నది, ఇంకా శుభ్రంగా. కరిజ్మా ఆల్బం అని బరువైన పుస్తకమొకటి తయారవుతుంది. అందులో వధూవరులను పందిట్లోనుంచి కోసి తీసి మంచుకొండల ముందో, రాజమహలు మెట్లమీదో నిలబెడతారు. కోడూరు పందిట్లో కూర్చున్న పిల్లకు తన ఊరే మిగలదు. వెనక కొబ్బరాకు పందిరి, దాని అవతల పంటకాలువ, కాలువ గట్టుమీద నిలబడి చూస్తున్న కూలీల పిల్లలు, అందరూ పోయారు. ఇది ఫోటోగ్రాఫరు చేసిన పాపమేనా అంటే కాదు, అడిగేవాళ్ళున్నారు, డబ్బిచ్చేవాళ్ళున్నారు. కాని విమర్శకుడి పని బేరం కుదర్చడం కాదు గదా.

నగల విషయంలో మాత్రం కెమేరాను నేను తప్పు పట్టలేను. బందరును ఆనుకొని చిలకలపూడి ఉన్నది. రాగి, ఇత్తడి మీద పలచని బంగారపు పూత పెట్టిన చిలకలపూడి నగలు పేదింటి పెళ్ళికూతుళ్ళ మెడల్లో ఎన్ని మెరిశాయో లెక్కలేదు. నలుపు తెలుపు ఫోటోలో అసలు బంగారానికీ దానికీ తేడా తెలియదు. జమీందారు కూతురూ, కౌలురైతు కూతురూ ఒకే కాసులపేరుతో కనిపిస్తారు. ఇది మోసం అనేవాళ్ళున్నారు. నాకు అట్లా తోచదు. ఆ ఒక్కరోజుకు సమానంగా కనిపించాలన్న కోరిక ఆ పిల్లది. ఆ గొలుసు అల్లినవాళ్ళూ, రాళ్ళు పొదిగినవాళ్ళూ ఆమెలాంటి ఆడవాళ్ళే. కాని నగలకోసమే తీసిన ఫోటోలో పిల్ల లేకుండా పోతుంది. అసలైనా గిల్టు అయినా ఫలితం ఒకటే.

సాక్ష్యమన్నాను. ఈ మాటకు కోర్టు అర్థం కూడా ఉన్నది. మొగుడు రెండో పెళ్ళి చేసుకున్నాడని ఫిర్యాదు చేసే స్త్రీ, రెండో పెళ్ళి శాస్త్రోక్తంగా జరిగిందని రుజువు చేయాలి. 1965లో లోఖండే కేసులో సుప్రీంకోర్టు ఈ మాట ఖచ్చితంగా చెప్పింది. 2024లో ఇంకొక తీర్పులో, సంస్కారం జరగకుండా ధ్రువపత్రం మాత్రం పుట్టించుకుంటే అది హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి కాదన్నది. అంటే తంతు జరిగినట్టు చూపించడం ఆడదాని బతుకుకు సంబంధించిన విషయం. ఆమె చేతిలో ఉండేదేమిటి? శుభలేఖ, నలుగురి నోటిమాట, ఫోటోలు. నలుగురిలో ఇద్దరు మొగుడివైపు చుట్టాలు, వాళ్ళ నోరు పెగలదు. అప్పుడు కెమేరాకు నవ్విన జంట ఫోటో ఏ మూలకూ రాదు. హోమం, ఎదుట పురోహితుడు, నడుస్తున్న అడుగు, చుట్టూ గుర్తుపట్టగల మొహాలు ఉన్న ఫోటో పనికివస్తుంది. పూర్వం ఫోటోగ్రాఫరును బోనెక్కించి నెగెటివు చూపించమనేవారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ రికార్డుకు చట్టప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. మంచుకొండల ముందు నిలబెట్టిన బొమ్మను పట్టుకుపోతే ఎదుటి వకీలు నవ్వుతాడు. గుడివాడ పిల్లలు భర్తల వెంట అమెరికా పోవడానికి వీసాకు పెళ్ళి ఫోటోలు చూపడం మామూలయింది. అక్కడ కూడా పెద్దలూ బంధువులూ ఉన్న పందిరి ఫోటోయే మాట్లాడుతుంది. వీసా అధికారి మన ఆల్బముల వ్యాపారులకన్నా మంచి విమర్శకుడని ఒప్పుకోక తప్పదు.

దివిసీమను ఈ సందర్భంలో మరవలేం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి సముద్రపుటంచు ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే మిగల్లేదు. బతికినవాళ్ళకు ఇల్లూ గొడ్డూ పోయిందిగాక పోయినవాళ్ళ మొహాలు చూపే కాగితం కూడా పోయింది. నీళ్ళలో నానితే ఫోటోమీది జిలెటిను పొర ఉబ్బి ఊడిపోతుంది. అటువంటి ఊళ్ళో అంతకు ముందు జరిగిన పెళ్ళి ఫోటో ఏ మెరక ఊళ్ళోనో చుట్టాల ఇంట మిగిలి ఉంటే దానిలో ఎవరెవరున్నారన్న ప్రశ్నకు ఎంత విలువ ఉంటుందో ఊహించండి. వధూవరులను మాత్రమే చూపే ఫోటోలో ఇద్దరు మిగిలారు. వెనక ముసలమ్మలూ, గుంజ పట్టుకొని వేలాడే పిల్లలూ, నోట్లో చుట్టతో పెద్దపాలేరూ ఉన్న ఫోటోలో ఊరు మిగిలింది. వెనకవాళ్ళు "అనవసరం" అని చెప్పే అధికారం ఎవరికున్నది?

చివరకు మన ఇంటి సంగతి చూసుకోవాలి. ఈ ప్రాంతం పెళ్ళితంతును ప్రశ్నించడంలో ముందున్న నేల. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో "వివాహవిధి" రాసి, తానే పౌరోహిత్యం వహించి పెళ్ళిళ్ళు జరిపించాడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పిన గోరా, తన పెద్దకుమార్తె మనోరమకు 1948లో సేవాగ్రాంలో కులాంతర వివాహం చేశాడు. ఆయన కుమారుడు లవణం 1960లో జాషువా కుమార్తె హేమలతను పెళ్ళాడాడు. 1943లో తెనాలిలో మన సంఘపు మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు పెళ్ళి పుట్టుపూర్వోత్తరాలమీద ఒక పుస్తకమే రాశాడు. ఆ దారిలో ఈ ఊళ్ళలో దండల పెళ్ళిళ్ళు ఎన్నో జరిగాయి.

ఆ దండల పెళ్ళిళ్ళ ఫోటోలు చూస్తే నిరుత్సాహం కలుగుతుంది. వేదిక, వేదికమీద బల్ల, బల్లమీద మైకు. మధ్యన నాయకుడు. ఒక చివర దండలతో ఇద్దరు, ఇంకొక చివర ఆహ్వానసంఘం. ఇది రైతుసభ ఫోటో కాదని చెప్పడానికి ఆ దండలు తప్ప ఆధారం లేదు. సభల్లో కూడా దండలుంటాయి గనుక అదీ గట్టి ఆధారం కాదు. పురోహితుణ్ణి దించి ఆ పీటమీద ఉపన్యాసకుణ్ణి కూర్చోబెట్టామని ఈ ఫోటోలు మొహాన కొట్టినట్టు చెపుతాయి.

లోపం ఫోటోలో మాత్రమే ఉన్నదా? పాత తంతులో చేతులకు పని ఉన్నది: పట్టుకోవడం, పోయడం, కట్టడం, నడవడం. మనం ఆ పనులు తీసివేశాం. తీసివేయవలసినవి తీసివేశాం, సరే. వాటి స్థానంలో దండ వేయడమొక్కటే మిగిలింది. అది రెండు సెకండ్ల పని. ఫోటోగ్రాఫరు అందుకోలేక "మరోసారి వేయండి" అంటాడు, వాళ్ళు మరోసారి వేస్తారు, అక్కడ కూడా నటనే. త్రిపురనేని ఈ విషయం మనకన్నా బాగా గ్రహించాడని నాకు తోస్తుంది. ఆయన తంతును మొత్తం ఎత్తివేయలేదు, దాన్ని పెళ్ళి చేసుకునేవాళ్ళకు తెలిసే భాషలో పెట్టాడు. అర్థం కాని మంత్రం వింటున్న మొహానికీ, అర్థమయిన ప్రమాణం పలుకుతున్న మొహానికీ తేడా కెమేరాకు తెలుస్తుంది. మొదటి మొహం ఓపిక పట్టి ఉంటుంది. రెండో మొహంలో, తాను ఏమి ఒప్పుకుంటున్నదో తెలిసిన మనిషి ఉంటుంది.

ప్రమాణం చదివే పిల్ల నోరు తెరిచి ఉండగా తీసిన ఫోటోను మనవాళ్ళు "బాగా రాలేదు" అని పక్కన పెడతారు. నాకు తెలిసిన దండల పెళ్ళి ఆల్బములో నాయకుడి ఉపన్యాసానికి పదిహేను ఫోటోలున్నాయి, ప్రమాణానికి ఒకటి కూడా లేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఎదుట జరిగే పెళ్ళిలో వధూవరులతోపాటు ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. కలం పట్టిన ఆ చేతులూ, దస్తరంమీద వంగిన ఆ తలలూ జీలకర్ర బెల్లానికి తీసిపోని వస్తువు. సాక్షుల్లో ఒకరు వేలిముద్ర వేసే మనిషి అయితే మరీ మంచిది. కాని ఆ గదిలోకి కెమేరా తీసుకుపోయినవాళ్ళు కూడా సంతకాలయ్యాక అందరినీ గుమ్మం బయట వరసగా నిలబెట్టే తీస్తున్నారు.